వంద గజాల లోపు

న్యూజెర్సీలో జింక వేటకు రైఫిల్ పట్టుకెళ్లడానికి వీల్లేదు. ఎడిసన్ చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువే. పెరట్లో ఆశగా వేసుకున్న గోంగూరను, టమాటా మొక్కలను జింకలు ఒక్క రాత్రిలో మొదలంటా మేసిపోతాయని మాత్రం అందరికీ తెలుసు. ఆ రాష్ట్రంలో జింకను కొట్టాలంటే విల్లు ఉండాలి, లేదా గొట్టం మూతి నుంచి మందు దట్టించే పాతకాలపు పద్ధతి తుపాకీ ఉండాలి, లేదా షాట్‌గన్ ఉండాలి. షాట్‌గన్‌లో పిట్టల్ని కొట్టే రవ్వలకు బదులు ఒకే ఒక్క సీసపు ముద్ద పెట్టి పేలిస్తే దాన్ని స్లగ్ అంటారు.

ఆ స్లగ్ గురించి నేను తెలుసుకున్నది బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోనే. హోసూరు రోడ్డుకూ సర్జాపుర రోడ్డుకూ మధ్య పెరిగిన ఈ కాలనీలో తెలుగు వినపడని వీధి ఉండదు. కర్నూలు నుంచి వచ్చి కారు నడుపుకుంటున్నవాళ్లున్నారు, అమెరికాలో చాలా ఏళ్లుండి పిల్లల చదువుల కోసమో పెద్దవాళ్ల కోసమో తిరిగొచ్చినవాళ్లున్నారు. అలా తిరిగొచ్చిన ఒకాయన మా సెక్టార్‌లోనే ఉంటారు. న్యూజెర్సీలో వేట శిక్షణ పూర్తిచేసి, లైసెన్సు తీసుకుని, చలికాలంలో నారింజ రంగు చొక్కా వేసుకుని అడవికి వెళ్లిన మనిషి. ఆదివారం పొద్దున అగర చెరువు గట్టు మీద నడుస్తూ ఆయన చెప్పిన మాటలే నన్ను ఈ విషయంలోకి దింపాయి. "జింకను పడగొట్టడానికి స్లగ్‌కి బలం చాలదా అని అందరూ అడుగుతారండీ. బలానికేం లోటు లేదు. లోటల్లా దూరంలోనే" అన్నారాయన.

ఆ మాటను అంకెల్లో చూద్దాం.

పన్నెండు బోరు అనే పేరు సీసపు తూకం నుంచి వచ్చింది. ఒక పౌను సీసం కరిగించి పన్నెండు సమానమైన గుండ్లు పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో తుపాకీ గొట్టం లోపలి వెడల్పు అంత. అంటే సుమారు 18.5 మిల్లీమీటర్లు. రైఫిల్ తూటా చాలావరకు అందులో సగం కూడా ఉండదు. ఇప్పుడు మామూలుగా దొరికే స్లగ్ ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల బరువుంటుంది. గొట్టం దాటేటప్పుడు సెకనుకు దాదాపు 480 మీటర్ల వేగంతో వెళ్తుంది. ఆ క్షణాన దాని శక్తి 3,200 జౌళ్లకు పైమాటే. తెల్లతోక జింకనేమిటి, అంతకంటే బరువైన జంతువునైనా అక్కడికక్కడే కూల్చగల శక్తి అది.

అయితే బొద్దుగా, మొద్దుగా ఉండే ముద్దను గాలి ఊరికే పోనివ్వదు. వంద గజాలు వెళ్లేసరికి వేగం సెకనుకు 300 మీటర్ల దగ్గరికి జారిపోతుంది. శక్తి మొదటి దానిలో సగం కూడా మిగలదు. ఈ దారి మధ్యలోనే అది ధ్వని వేగం కంటే కిందికి దిగుతుంది. దిగేటప్పుడు తూలుతుంది, గురి చెదురుతుంది. యాభై గజాలకు సరిచూసుకున్న తుపాకీతో అదే గురిన వంద గజాలకు కాలిస్తే గుండు అరచేతి వెడల్పు కిందికి దిగి తగులుతుంది. ఇక పక్క గాలి ఉంటే సరేసరి. జింక ఒంట్లో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది పది అంగుళాల వెడల్పుకు మించదు. అరచేతి తేడా అంటే గుండెకు తగలాల్సింది ముందు కాలికి తగలడం. ఇంకొంచెం వెనక్కి జరిగితే పేగుల్లో దిగడం. పేగుల్లో దెబ్బతిన్న జింక వెంటనే చావదు. గంటల తరబడి పొదల్లో పడి ఉంటుంది.

ఈ దూరం బెడదను తగ్గించడానికి నూట ఇరవై ఏళ్లకు పైగా మనుషులు తంటాలు పడుతూనే ఉన్నారు. షాట్‌గన్ గొట్టం లోపల నున్నగా ఉంటుంది. రైఫిల్‌లో ఉండే మెలికల గాట్లు ఉండవు, అందుకని గుండు తిరగదు. తిరగని గుండు నిలకడగా వెళ్లదు. జర్మనీలో విల్‌హెల్మ్ బ్రెనెకె 1898లో దీనికొక ఉపాయం కనిపెట్టాడు. గట్టి సీసపు గుండుకు వెనకాల తేలికైన అట్టను మరతో బిగించాడు. అమెరికాలో కార్ల్ ఫోస్టర్ 1931లో ఇంకో దారి పట్టాడు. వెనక భాగాన్ని బోలుగా ఉంచి బరువంతా ముందుకు తెచ్చాడు. బ్యాడ్మింటన్ ఈకబంతిని ఎటు విసిరినా ముక్కే ముందుంటుంది చూడండి, కిటుకు అదే. ఫోస్టర్ గుండును వించెస్టర్ కంపెనీ 1936లో అమ్మకానికి తెచ్చింది. గుండు చుట్టూ కనిపించే ఏటవాలు గాట్లు దాన్ని తిప్పుతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి అవి తిప్పేది నామమాత్రం. గొట్టం కొస ఇరుకుగా ఉన్నచోట సీసం సులువుగా నలిగి దాటిపోవడానికే వాటి అవసరం ఎక్కువ. చాలా తర్వాత వచ్చినవి సాబో స్లగ్‌లు. సన్నటి గుండును ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, మెలికల గాట్లున్న ప్రత్యేక గొట్టంలోంచి కాలుస్తారు. బయటికి రాగానే తొడుగు ఊడిపోతుంది. వీటితో చేయి తిరిగినవాళ్లు నూటయాభై గజాలు, ఆపైన కూడా నమ్మకంగా కొడతారు. కానీ నున్నటి గొట్టంలోంచి సాబోను కాలిస్తే సాదా ఫోస్టర్ గుండు కంటే ఘోరంగా గురి తప్పుతుంది. ఖరీదైన తూటా కొన్నంత మాత్రాన సరిపోదని కొత్తవాళ్లు నేర్చుకునే మొదటి పాఠం ఇది.

ఒక గుండు చేసే పని చాలా రవ్వలు చేయవా అన్న ప్రశ్న కూడా ఉంది. చేయవు. మన దగ్గర ఎల్‌జీ అని పిలిచే లావు రవ్వల తూటా ముప్పై నలభై గజాలు దాటితే చెల్లాచెదురైపోతుంది. ఒకటి మెడకు, ఒకటి తొడకు, ఇంకోటి చెట్టుకు తగులుతుంది. జంతువు పరుగెత్తి వెళ్లిపోతుంది, తర్వాత ఎక్కడో పడి చస్తుంది. అందుకే అమెరికాలో అనేక రాష్ట్రాలు జింక మీద రవ్వలు వాడనివ్వవు. షాట్‌గన్ తెస్తే స్లగ్ పెట్టుకు రమ్మంటాయి.

రైఫిల్ ఎందుకు వద్దన్నారు

న్యూజెర్సీ, మసాచుసెట్స్ వంటి జనసమ్మర్దం ఉన్న రాష్ట్రాలూ, ఒహాయో, ఇల్లినాయ్, అయోవా వంటి చదును పొలాల రాష్ట్రాలూ రైఫిల్‌ను దూరం పెట్టింది ఒకే భయంతో. రైఫిల్ తూటా గురి తప్పితే మైళ్లకొద్దీ పోతుంది, ఆ దారిలో ఊరో బడో ఉంటుంది. స్లగ్ తొందరగా వేగం కోల్పోతుంది కాబట్టి తొందరగా నేలకు దిగుతుంది. ఏ లోపం వల్ల వేటగాడు విసుక్కుంటాడో ఆ లోపమే పక్క ఊరివాళ్లకు రక్ష అయింది. అయితే 2007లో పెన్సిల్వేనియా చట్టసభ కమిటీ కోసం చేసిన అధ్యయనం ఈ నమ్మకాన్ని కొంత కదిలించింది. నేలకు సమాంతరంగా కాల్చినప్పుడు స్లగ్ నేలను తాకి ఎగిరి మళ్లీ ముందుకు పోతుందని, అలాంటప్పుడు దాని ప్రమాదం రైఫిల్ కంటే తక్కువేమీ కాదని తేలింది. ఆ తర్వాత చాలా రాష్ట్రాలు మెత్తబడ్డాయి. ఒహాయో 2014లో, అయోవా 2017లో, ఇల్లినాయ్ 2023లో తక్కువ దూరం పోయే ఒక తరహా రైఫిల్ తూటాలకు తలుపు తెరిచాయి. ఆ వేటగాళ్ల కోసమే వించెస్టర్ 2019లో 350 లెజెండ్ అనే తూటాను తెచ్చింది. భుజం వాచిపోయేలా తన్నే పన్నెండు బోరును పక్కనపెట్టి దానికి మారినవాళ్లు కొల్లలు.

న్యూజెర్సీ మాత్రం మారలేదు. అక్కడ ఇళ్లకు 450 అడుగుల లోపు తుపాకీ కాల్చకూడదు. ఏ వారంలో ఏ ఆయుధం, ఏ ప్రాంతంలో ఎన్ని జింకలు అన్నది ముందే నిర్ణయించి ఉంటుంది. కొట్టిన జింకను నమోదు చేయించాలి. ఇదంతా చెప్పాక మా పొరుగాయన ఇంకో మాట అన్నారు. గుండు తగలగానే జింక వెంట పరుగెత్తకూడదట. కనీసం అరగంట ఆగాలి. ఊపిరితిత్తులకు తగిలినా అది కొంత దూరం పరుగెత్తే పడుతుంది. వెంటపడితే బెదిరి, ఉన్న కాస్త ఊపిరితో ఇంకా దూరం పోతుంది. ఆగి, రక్తపు చుక్కలు చూసుకుంటూ వెళ్లి, దొరికేదాకా వెతకాలి. చీకటి పడిందనో చలి ఎక్కువైందనో వదిలేసి రావడాన్ని అక్కడి వేటగాళ్లు సిగ్గుచేటుగా చూస్తారట. నాకు ఆయన చెప్పినవాటిలో తుపాకీ కంటే ఇదే ముఖ్యమనిపించింది.

ఇంకా వెనక్కి వెళ్తే ఈ ఏర్పాటు విలువ తెలుస్తుంది. 1900 నాటికి అమెరికాలో తెల్లతోక జింకలు నాలుగైదు లక్షలకు పడిపోయాయి. మాంసం వ్యాపారులు అడ్డూ అదుపూ లేకుండా కొట్టేశారు. ఇప్పుడు దాదాపు మూడు కోట్లున్నాయి. వ్యాపార వేటను ఆపారు, సీజన్లు పెట్టారు. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టంతో తుపాకులు, తూటాల మీది పన్ను సొమ్మును అడవి జంతువుల కోసమే కేటాయించారు. ఆ దేశంలో తుపాకుల వల్ల జరుగుతున్న అనర్థాలను నేను తక్కువ చేయను. అయినా ఒక్కో స్లగ్ పెట్టె కొనుగోలులోంచి కొంత డబ్బు జింక నివాసానికి చేరుతుందన్నది నిజం. సీసం మిగిల్చే హానిని కూడా వాళ్లు పరిశీలించారు. 2008లో మిన్నెసోటా ప్రభుత్వ శాఖ పరీక్షిస్తే, వేగంగా పోయే రైఫిల్ తూటాలు మాంసంలో చాలా దూరందాకా సీసపు నలుసులు చిమ్ముతున్నాయని, స్లగ్‌లు అంతగా చిట్లడం లేదని తెలిసింది. కాలిఫోర్నియా 2019 నుంచి వేటలో సీసాన్నే మొత్తంగా నిషేధించింది.

ఇక్కడి అడవి, ఇక్కడి తుపాకీ

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి బన్నేరుఘట్ట జాతీయ ఉద్యానం ఎంతో దూరం లేదు. దుప్పులు, కణుజులు, ఏనుగులు తిరిగే అడవి అది. మనకు పొరుగునే ఉన్న బేగూరు గుడిలో సుమారు 890 నాటి వీరగల్లు మీద బెంగళూరు పేరు మొదటిసారి కనిపిస్తుంది. ఈ ప్రాంతపు పల్లెల్లో పులితోనో పందితోనో తలపడి చనిపోయినవాళ్లకు నిలిపిన రాళ్లు కూడా దొరుకుతాయి. ఇక్కడి మనిషికి అడవి మృగంతో పోరు కొత్తది కాదు.

తుపాకీ వేట మాత్రం తెల్లదొరల కాలంలో ఊపందుకుంది. బెంగాల్ సైన్యంలో పనిచేసిన కల్నల్ జార్జ్ ఫోస్‌బరీ 1885లో ఒక పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. గొట్టం అంతా నున్నగా ఉంచి, చివరి కొన్ని అంగుళాల్లో మాత్రమే మెలికల గాట్లు పెట్టడం. హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ దాన్ని పారడాక్స్ అనే పేరుతో చేసి అమ్మింది. ఒకే తుపాకీతో పొద్దున పిట్టను, సాయంత్రం పులిని కొట్టవచ్చన్నది దాని ఆకర్షణ. భారతదేశంలోని దొరలు, తోటల యజమానులు ఎగబడి కొన్నారు. సాబో స్లగ్ కోసం అమెరికావాళ్లు తర్వాతెప్పుడో గొట్టంలో పెట్టుకున్న గాట్లకు ఇది ముత్తాత. అయినా దూరపు గురికి మాత్రం వేటగాళ్లు రైఫిల్‌నే నమ్మారు. బొల్లారంలో 1910లో పుట్టి, బెంగళూరులో బతికి, అప్పటి మన చిత్తూరు జిల్లా చామల లోయ పులి గురించి కూడా రాసిన కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఉన్నది 405 వించెస్టర్ రైఫిలే.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. దానికి 1991లో చేసిన సవరణతో చట్టబద్ధమైన వేట ముగిసింది. కృష్ణజింక ఆ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని చంపితే మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా జైలు. లైసెన్సున్న డబుల్ బ్యారెల్ ఇంట్లో ఉన్నా, పుణె దగ్గర ఖడ్కీ కర్మాగారంలో తయారైన తూటాల పెట్టె పక్కనే ఉన్నా, అడవి జంతువు మీదికి ఎత్తడానికి వీల్లేదు. కొడగులోని కొడవలకు తుపాకీ లైసెన్సు నుంచి బ్రిటిష్ కాలం నాటి మినహాయింపు ఇప్పటికీ నడుస్తోంది. అది ఆయుధం ఉంచుకోవడానికే తప్ప వేటాడడానికి కాదు. నేను ఈ నిషేధం పక్షానే ఉన్నాను. అమెరికాలో స్లగ్ బాగా పనిచేస్తున్నది సీసం మహిమ వల్ల మాత్రమే కాదు. దాని చుట్టూ లెక్క ఉంది, సీజను ఉంది, కాల్చినవాడికి శిక్షణ ఉంది, గాయపడిన జంతువును వెతికే పట్టుదల ఉంది. అవేవీ లేని చోట అదే సీసం గాయం చేసే పని మాత్రమే చేస్తుంది. మన పల్లెల్లో దొంగవేట ఎలా సాగుతుందో చూడండి. నాటు తుపాకీలో మందు దట్టించి, సైకిలు బేరింగు గుళ్లు, ఇనుప ముక్కలు పోసి, రాత్రిపూట లైటు వేసి కాలుస్తారు. లేదంటే ఉచ్చులు, కరెంటు తీగలు, నాటు బాంబులు. అక్కడ వంద గజాల లెక్క ఎవరూ వేయరు. దెబ్బతిన్న దుప్పిని తెల్లారాక వెతికేవాడు కూడా ఉండడు, పట్టుబడతాననే భయం.

చేనువాడి మాట

ఈ సంగతులన్నీ నేను ఒకసారి కారులో ఫోనులో మాట్లాడుతుంటే విన్న డ్రైవరు, ఫోను పెట్టేశాక అద్దంలోంచి చూసి అడిగాడు. "సార్, ఆ జింకలేదో మావి గూడా గొట్టే లెక్కుందా?" అతనిది కర్నూలు వైపు రోళ్లపాడు దగ్గర ఊరు. సొంత చేను ఉంది, వాన సరిగ్గా పడని ఏడాది ఇక్కడికొచ్చి కారు నడుపుతాడు.

రోళ్లపాడు అభయారణ్యం 1988లో ఏర్పడింది. విస్తీర్ణం 6.14 చదరపు కిలోమీటర్లే. బట్టమేక పిట్టను కాపాడడానికి గడ్డిభూమికి కంచె వేశారు. ఆ కాపలాలో కృష్ణజింకలు బాగా పెరిగాయి. పెరిగినవి కంచె లోపలి గడ్డితో ఆగలేదు, చుట్టూ ఉన్న శనగ, జొన్న చేలల్లోకి వచ్చాయి. మొలక దశలో శనగ వాటికి ప్రాణం. రాత్రంతా మంచె మీద కూర్చుని డబ్బాలు కొట్టినా, ఇటు తరిమితే అటు చేరతాయి. "మేం జింకను ముట్టుకుంటే కేసు సార్. అది మా చేన్లో పడితే ఎవురి మీదా కేసు ల్యాదు" అన్నాడతను. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేకపోయింది.

ఒక్కటి మాత్రం చెప్పాను. చట్టం ఒప్పుకున్నా స్లగ్ అక్కడ పనికిరాదు. అది దట్టమైన పొదల మధ్య, మంచెమీద కూర్చుని, యాభై గజాల్లోకి వచ్చిన జింకను కొట్టే సాధనం. నల్లరేగడి మైదానంలో కృష్ణజింక మనిషిని అర కిలోమీటరు నుంచే పసిగడుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు. పూర్వం రాజులు దానిమీదికి చిరుతపులిని కాదు, మచ్చికైన చీతాలను వదిలేవాళ్లు. తుపాకీవాళ్లు ఎడ్లబండి చాటున మెల్లగా దగ్గరికి నడిచేవాళ్లు. పైగా అది ముప్పై నలభై కిలోల జంతువు. గుండెకు చోటు ఎంతని? ఆ దూరం నుంచి షాట్‌గన్ పేలిస్తే మందలో ఏదో ఒకదాని కాలు విరుగుతుంది, మిగతావి మర్నాడు రాత్రి మళ్లీ వస్తాయి.

ప్రభుత్వం అధికారికంగా కాల్పించిన చోట కూడా గొడవలే మిగిలాయి. బీహార్‌లో నీలుగాయిలను పంటలకు చేటు చేసే జంతువులుగా ప్రకటించాక, 2016 జూన్‌లో మొకామాలో కొద్ది రోజుల్లోనే రెండు వందలకు పైగా కాల్చారు. ఆ పనికి హైదరాబాద్ నుంచి నవాబ్ షఫత్ అలీ ఖాన్ బృందం వెళ్లింది. కేంద్ర మంత్రుల మధ్యే బహిరంగంగా మాటల యుద్ధం నడిచింది. అక్కడి రైతు బాధ నిజమే, కాల్చినవాళ్లకు చేయి తిరగడమూ నిజమే. కానీ మొకామాలో ఎన్ని నీలుగాయిలు ఉండాలి, ఎన్ని ఉంటే పంట నిలుస్తుంది అన్న లెక్క ముందు వేసి, ఏటా దాన్ని సరిచూసే ఏర్పాటు లేనప్పుడు, ఒక్కసారి కాల్పులు జరిపితే మంద కొన్నాళ్లు పలచబడుతుంది, అంతే.

కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు. రెండు రాష్ట్రాలూ జింకను గౌరవ చిహ్నంగా పెట్టుకున్నప్పుడు దాని మేత ఖర్చు శనగ రైతు ఒక్కడే ఎందుకు భరించాలి? నష్టపరిహారం దరఖాస్తు పెట్టి, అధికారి వచ్చి చూసేసరికి చేనులో మోడులు కూడా మిగలవు. మొలక దశలోనే వచ్చి చూసి, ఆ సీజనులోనే డబ్బు చేతిలో పెట్టాలి. అభయారణ్యం చుట్టూ ఉన్న చేలకు సౌర కంచె ఖర్చు అటవీశాఖే పెట్టుకోవాలి. రోళ్లపాడులో ఇది జరగకే రైతులకూ అడవికీ మధ్య పగ పెరిగింది. ఆ పగలో ఎక్కువ నష్టపోయింది జింక కాదు, ఏ పిట్ట కోసం కంచె వేశారో ఆ బట్టమేక పిట్ట. చుట్టూ ఉన్న చేలల్లో దానికి చోటిచ్చే మనసు రైతుకు లేకుండా పోయింది. ఒకప్పుడు గుంపుగా కనిపించిన పిట్ట ఇప్పుడు అక్కడ కనిపించడమే గగనం.

మా పొరుగాయనకూ ఆ డ్రైవరుకూ ఈ మధ్య నేనే మాట కలిపాను. పొరుగాయన వాసన మందుల గురించి చెప్పారు. న్యూజెర్సీలో కోడిగుడ్డు నీళ్లు చల్లితే కొన్నాళ్లు జింకలు పెరట్లోకి రావట. "వానొస్తే కడుక్కపోతాది గదా సార్, ఐదెకరాలకు ఎన్ని గుడ్లు గావాల?" అని అతను నిజంగానే లెక్క వేశాడు. పెద్దలు చేసిన పనే మేలంటున్నాడు. ఈ రబీకి శనగ చుట్టూ నాలుగు సాళ్లు కుసుమ వేస్తాడట. ముళ్లు గట్టిపడేదాకా నెలన్నర కాపలా తప్పదు కాబట్టి, విత్తనం వేసే వారం నుంచి కారు తమ్ముడికి అప్పగించి ఊరెళ్తున్నాడు.